మంచు ఆరేదాకా

ఈ జూన్ నుంచి నేను పొద్దున ఆరింటికి లేస్తున్నాను. చదివేవాళ్లకు ఇదేమంత విశేషంగా కనిపించకపోవచ్చు. రెండేళ్లపాటు నాలుగింటికి లేచి, వీధి కుక్కలు కూడా కళ్లు తెరవని వేళ పప్పుకు తాళింపు పెట్టినదాన్ని కాబట్టి నాకు మాత్రం పండగలా ఉంది. ఇప్పుడు నా బడి గుంటూరు నుంచి ఇరవై నిమిషాల దూరంలో ఉంది. కాఫీ వేడిగా తాగుతున్నాను. చీర కుచ్చిళ్లు కుదిరేదాకా సర్దుకుంటున్నాను. మొదటి వారమంతా నాలుగింటికే మెలకువ వచ్చేది. లేచి కూర్చుని, అక్కర్లేదని గుర్తొచ్చి, మళ్లీ దుప్పటి కప్పుకునేదాన్ని. అలా రెండోసారి పడుకోవడంలో ఉన్న సుఖం ఇంతా అంతా కాదు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. రెండేళ్ల కిందటి బదిలీల్లో నాకు దక్కిన బడి అద్దంకి వైపు ఉంది. హైవే మీద అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి, పదకొండు కిలోమీటర్లు లోపలికి పోవాలి. దారికి రెండు పక్కలా నల్లరేగడి, పత్తి, మిరప. గుంటూరులో ఐదున్నర దాటాక బస్సెక్కితే అడ్డరోడ్డుకు రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా పైన. అక్కడ ఊరి బస్సు పట్టుకుంటే తొమ్మిదిలోపు బడి. సాయంత్రం ఇదంతా వెనక్కి. ఇంటికి చేరేసరికి ఏడయ్యేది.

నాకు ముక్కు మీద కోపమని ఇంటా బయటా పేరుంది. మొదటి మూడు నెలల్లో ఆ బస్సులో నేను పోట్లాడని మనిషి లేడు. కిటికీ అద్దం వెయ్యమని ఒకరితో, తియ్యమని ఇంకొకరితో, ఫోన్లో వీడియోలు గట్టిగా పెట్టుకున్నవాళ్లందరితో. తర్వాత్తర్వాత అరిచే ఓపిక కూడా పోయి నిద్రపోవడం నేర్చుకున్నాను. నోరు తెరిచి నిద్రపోతానని కండక్టరు చెబితే తెలిసింది. పరీక్ష పేపర్లు బస్సులో దిద్దుదామని చూశాను గానీ, గతుకుల్లో నేను పెట్టిన టిక్కులు కొట్టివేతల్లా పడి, పిల్లలు వచ్చి తగాదా పెట్టుకున్నారు. దాంతో అది మానేసి, సాయంత్రం బస్సులో గోరుచిక్కుడు ఈనెలు తీసుకుంటూ వచ్చేదాన్ని. ఇంటికి వెళ్లగానే కూర పొయ్యి మీద పడేది.

స్కూటీ కొనుక్కుని అడ్డరోడ్డులో పెట్టుకోవచ్చుగా అని అందరూ సలహా ఇచ్చారు. నలభై నాలుగేళ్ల వయసులో మా వీధిలో నేర్చుకున్నాను కూడా. నాలుగో రోజు మంచినీళ్ల కుళాయి దిమ్మెను గుద్ది ముంజేతికి కట్టు కట్టించుకున్నాను. ఆ తర్వాత ఎవరూ స్కూటీ మాట ఎత్తలేదు.

ఇన్ని పాట్లు పడే బదులు ఆ ఊళ్లోనే ఒక గది తీసుకుంటే పోయేది. చాలామంది టీచర్లు అలాగే చేస్తారు. నేను చెయ్యకపోవడానికి కారణం మా అమ్మాయి. ఆ రెండేళ్లూ తను తొమ్మిది, పది తరగతుల్లో ఉంది. మా ఆయన పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తారు, సీజన్లో ఎనిమిదిన్నరకు గానీ రారు. నేను ఏడింటికి వెళ్తే, మా అమ్మాయి వంటింటి గట్టు మీద కూర్చుని, నేను చపాతీలు వత్తుతుంటే ఆ రోజు చదివిందంతా పైకి అప్పజెప్పేది. పొద్దుటి నుంచి నోరు విప్పని పిల్ల ఆ గంటన్నరా ఆపకుండా మాట్లాడేది. చరిత్ర పాఠం మధ్యలో స్నేహితురాలితో పోట్లాట, లెక్కల మధ్యలో తలనొప్పి, అన్నీ అప్పుడే బయటికొచ్చేవి. ఆ గంటన్నర కోసమే నేను రోజూ నూట డెబ్భై కిలోమీటర్లు తిరిగాను. గది తీసుకుంటే అది పోతుంది. వారానికొకసారి వెళ్తే అన్ని మాటలు ఒక్కసారిగా చెప్పదు. పిల్లలు మాటలు దాచిపెట్టరు, మర్చిపోతారు.

మొదటి ఏడాది ఎలాగో నెట్టుకొచ్చాను. రెండో ఏడాది ఊరి బస్సు టైం మారింది. ఎనిమిదీ ఇరవైకి అడ్డరోడ్డు నుంచి బయలుదేరే బస్సు ఎనిమిదింటికే పోవడం మొదలుపెట్టింది. నేనెక్కిన గుంటూరు బస్సు ఏడూ యాభైకి చేరితే సరే. దారిలో మిర్చి లారీలు అడ్డమొచ్చినా, చలికాలం పొగమంచు కమ్మినా ఎనిమిదీ పది, ఎనిమిదీ పదిహేను. అప్పటికి ఊరి బస్సు దుమ్ము కూడా కనిపించదు. ఇంకో పక్క తొమ్మిదిలోపు ఫోన్లో హాజరు పడాలి. బడి కాంపౌండులోకి అడుగుపెట్టాకే అది పనిచేస్తుంది. మొహం చూపించాలి, కళ్లు ఆర్పమంటే ఆర్పాలి. తొమ్మిది దాటితే ఆలస్యమని దానంతట అదే రాసుకుంటుంది. దానితో పోట్లాడలేం.

డిసెంబరులో మొదటిసారి ఆలస్యం పడింది. మా హెడ్మాస్టరుగారు నెమ్మదైన మనిషి. "నేనేం చెయ్యను మేడం, ఇది నా చేతిలో లేదు" అన్నారు. నాకది ముందే తెలుసు, అయినా ఆయన మీద విసుక్కున్నాను.

రెండోసారి జనవరిలో. బస్సు దిగేసరికి ఎనిమిదీ ఇరవై. కోతల రోజులు కావడంతో అడ్డరోడ్డులో ఆటోలన్నీ కూలీలను ఎక్కించుకుని చేలకు పోయాయి, డబ్బులిస్తానన్నా వచ్చేవాడు లేడు. ఉన్న ఒక్క ఆటోలోనూ పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అడ్డరోడ్డు పక్కన కాలనీలో ఉండే మిరపకోత ముఠా వాళ్లది. మా బడి అవతలి తోటలకే వెళ్తారని నాకు తెలుసు, రోజూ చూసేదాన్నే. ముఠాకి పెద్దామె ముందు సీట్లోంచి తల బయటికి పెట్టింది. యాభై అయిదేళ్లు ఉంటాయి, గట్టి గొంతు.

"ఏంది మేడంగారూ, అట్టా నిలబడ్డారు? ఎక్కండి, బడి కాడ దింపుతాం."

నిజం చెప్పొద్దూ, నాకు నామోషీగా అనిపించింది. గంజి పెట్టిన చీర, భుజాన బ్యాగు, చేతికి వాచీ పెట్టుకుని కూలి ఆటో ఎక్కడమా అని ఒక్క నిమిషం అటూ ఇటూ చూశాను. ఇంకో దారి లేక ఎక్కాను. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ముందు దిగేవాళ్లు వెనక చెక్క మీద కూర్చోవాలి. అందరికంటే ముందు దిగేది నేనే కాబట్టి వెనక చెక్క మీద, మొహం రోడ్డు వైపు పెట్టుకుని, కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. ఊరు దగ్గరపడే కొద్దీ మా తొమ్మిదో తరగతి పిల్లలు సైకిళ్ల మీద ఆటో వెనకే వస్తూ, బడిదాకా గుడ్ మార్నింగ్ మేడం, గుడ్ మార్నింగ్ మేడం అంటూనే ఉన్నారు.

ఆటో ఎనిమిదీ నలభైకి గానీ కదల్లేదు. ఇంత పొద్దెక్కి పనికి పోయే కూలీలను ఎక్కడా చూడలేదని లోపల తిట్టుకున్నాను. బడికి తొమ్మిదీ ఏడు. ఛార్జీ ఇవ్వబోతే పెద్దామె తీసుకోలేదు. "రైతు ఇస్తాడు, మీరు లోపల పెట్టుకోండి" అంది. ఆలస్యం మాత్రం పడింది.

మూడోసారి జరిగింది తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం చుక్కలు కనిపించాయి.

ఆ రోజూ ఊరి బస్సు పోయింది. అదృష్టమేమోగానీ ముఠా ఆటో ఎనిమిదిన్నరకే కదిలింది. టైముకు చేరిపోతానని హాయిగా వెనక చెక్క మీద కూర్చున్నాను. చెక్క గట్టిగా ఉందని ఎవరో మడతపెట్టిన గోతాం అందించారు. ముందురోజు ఎండుమిరపకాయ నింపి దులిపిన గోతాం. దాన్ని చేత్తో సర్ది, పరుచుకుని కూర్చున్నాను. దారిలో దుమ్ము లేచి కంట్లో నలక పడింది. గుంటూరులో పుట్టి, గుంటూరులో పెరిగి, పిల్లలకు శాస్త్రం చెప్పే నేను, గోతాం సర్దిన అదే చేత్తో కన్ను రుద్దుకున్నాను. చాలదన్నట్టు రెండో కన్ను కూడా.

"రుద్దమాకండి, రుద్దమాకండి" అని వెనక నుంచి నలుగురు అంటూనే ఉన్నారు. అప్పటికే అయిపోయింది.

బడి దగ్గర ఆటో ఆగేసరికి ఎనిమిదీ యాభై రెండు. కావలసినంత టైముంది, కళ్లే లేవు. పరిగెత్తి కుళాయి కింద నీళ్లు కొట్టుకున్నాను. మంట బుగ్గల దాకా పాకింది. హెడ్మాస్టరుగారు నా ఫోన్ పట్టుకుని నా మొహం ముందు పెట్టారు. కళ్లు ఆర్పమంటోంది. నావి మూసుకునే ఉన్నాయి, తెరుచుకోవడమే లేదు. వేళ్లతో రెప్పలు లాగిపట్టి తెరిస్తే, చెయ్యి అడ్డంగా ఉంది తియ్యమంటోంది. ఆయన పాపం "ఇంకొక్కసారి మేడం, ఇంకొక్కసారి" అంటున్నారు. మూడో తరగతి పిల్లలాగా ఏడుస్తూ ఆ ఫోన్‌ను తిట్టాను.

ఈలోగా పెద్దామె కాంపౌండులోకి వచ్చేసింది. ఆటోను ఆపి, మజ్జిగ సీసా పట్టుకుని వచ్చింది. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, కొంగు మజ్జిగలో తడిపి నా కళ్ల మీద వేసి అరచేత్తో అదిమి పట్టుకుంది. చల్లగా అనిపించింది. అయిదు నిమిషాలకు రెప్పలు విడిపోయాయి. ఫోన్ నన్ను గుర్తుపట్టేసరికి తొమ్మిదీ నాలుగు.

"ఎన్నింటికల్లా చూపియ్యాలమ్మా ఆ ఫోన్లో మొహం?" అంది ఆమె.

"తొమ్మిదికి" అన్నాను. అక్కడితో ఆగలేదు. కళ్లలో నుంచి ఎలాగూ నీళ్లు కారుతున్నాయి, నోటికి అడ్డు లేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక్కడే గదిలో పడి ఉండాలని, మా అమ్మాయి పదో తరగతని, నేను వెళ్లకపోతే ఎనిమిదిన్నర దాకా ఇంట్లో ఒక్కతే ఉంటుందని, రాత్రి నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడదని, అన్నీ చెప్పేశాను. పేరు కూడా తెలియని మనిషితో అన్ని మాటలు ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆమె ఓదార్చలేదు. సీసా మూత బిగించుకుని, "సరే, చెయ్యి సబ్బుతో కడుక్కో" అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరుగారు నాకు మెమో ఇచ్చారు. ఇస్తూ నా వైపు చూడలేకపోయారు. ఇంకొక్కటి పడితే పైకి రాయక తప్పదన్నారు. బడి వెనక వీధిలో ఒక పోర్షను ఖాళీగా ఉందని కూడా చెప్పారు. సాయంత్రం వెళ్లి చూశాను. శుభ్రంగా ఉంది. కిటికీకి ఎదురుగా కందిచేను. వంకపెట్టడానికి ఏమీ లేనందుకు ఇంకా కోపమొచ్చింది. ఇంటికెళ్లి చెబితే మా ఆయన "ఇంకోసారి అయితే తీసేసుకుందాంలే, ఆరోగ్యం పాడుచేసుకుంటావా" అన్నారు. మా అమ్మాయి "సరే" అంది. మర్నాటి నుంచి నేను చెప్పకుండానే కుక్కర్ పెట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. 

ఆ తర్వాతి సోమవారం బస్సు దిగేసరికి ఎనిమిదీ పన్నెండు. ఊరి బస్సు లేదు. ముఠా ఆటో మాత్రం ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఉంది. నేను వెనక చెక్క మీద కూర్చోగానే కదిలింది. ఎనిమిదీ నలభైకల్లా బడి. మర్నాడూ అంతే. ఒక రోజు పొగమంచులో మా బస్సు ఎనిమిదీ ఇరవై ఐదుకు వచ్చింది. ఆటో అప్పటికీ ఉంది, ఎక్కగానే బయలుదేరింది. కాయ ముదిరి రైతులు తొందరపెడుతున్నారేమో, పని పెరిగి పెందలాడే పోతున్నారేమో అనుకున్నాను. అడగలేదు. మనకు కలిసొచ్చినప్పుడు కారణాలు అడగబుద్ధి కాదు.

జనవరి పోయింది, ఫిబ్రవరి సగమైంది. ఒక్క ఆలస్యమూ లేదు. నా ప్రాణం కుదుటపడింది. ఊపిరి ఆడని ఇరుకుగదిలోంచి వరండాలోకి వచ్చినట్టు ఉండేది. మళ్లీ బస్సులో నోరు తెరిచి నిద్రపోవడం మొదలుపెట్టాను. ఇంట్లో గొప్పలు కూడా పోయాను. అంతా టైం చూసుకుని నడుచుకోవడంలోనే ఉందని, నేను కుదురుగా ప్లాన్ చేసుకున్నాను కాబట్టే గది బాధ తప్పిందని మా ఆయనకు పెద్ద ఉపన్యాసమిచ్చాను. ఆయన నమ్మారు. మా అమ్మాయి వంటింటి గట్టు మీద కూర్చుని ప్రపంచ యుద్ధాలు అప్పజెబుతోంది. నాకింకేం కావాలి.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు ఎనిమిదో తరగతికి పంటల పాఠం. పుస్తకంలో బొమ్మలు చూపించేకన్నా మిరప తోటకే తీసుకెళ్దామని, ప్రార్థన కాగానే పిల్లలను వరసగా నడిపించుకుని బయలుదేరాను. బడి దాటి పది నిమిషాలు నడిస్తే తోటలు. టైం తొమ్మిదీ ఇరవై.

గట్టు మీద ముఠా అంతా కూర్చుని ఉంది. పన్నెండు మందీ వరసగా, కొంగులు తల మీద కప్పుకుని, చలికి మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని. ఒకామె క్యారేజీ మూతలో ఉప్మా తింటోంది. ఇద్దరు కునుకుతున్నారు. బుట్టలు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. మా పిల్లవాడొకడు మిరప కొమ్మ పట్టుకుని ఊపితే బొటబొటా నీళ్లు రాలి వాడి చొక్కా తడిసింది.

"ఇంకా మొదలుపెట్టలేదేం అక్కా?" అన్నాను.

"మంచు ఆరొద్దా?" అంది పెద్దామె. "తడి కాయ కోస్తే గోతాల్లో బూజు పట్టుద్ది. తొమ్మిదిన్నర దాటందే రైతు చెట్టు ముట్టుకోనియ్యడు."

ఇది నాకు తెలియాల్సిన సంగతి. నేను పాఠం చెప్పాల్సిన సంగతి.

"మరి తొమ్మిదన్నా కాకముందే వచ్చి ఇక్కడేం చేస్తున్నారు?"

"కూర్చుంటన్నాం."

"రోజూనా?"

"నువ్వు తొమ్మిదికి మొహం చూపించుకోవాలిగా" అంది ఆమె, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "ఇంటికాడ కూర్చుంటే ఏంది, గట్టు మీద కూర్చుంటే ఏంది."

ఇంటి దగ్గర వాళ్లు కూర్చోరని నాకు తెలుసు. పొద్దున ఆ వేళలోనే వంట, నీళ్లు, పిల్లల స్నానాలు, బడికి పంపడం అన్నీ జరగాలి. నేను ఉపన్యాసమిచ్చిన ప్లానింగ్ అంతా ఈ గట్టు మీద ముడుచుకుని కూర్చుంది. నాకు సిగ్గేసింది. మా ఆయన ముందు గొప్పలు పోయినందుకు కాదు, నెలరోజులకు పైగా వెనక చెక్క మీద వీళ్లకు వీపు చేసి కూర్చుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఎందుకని అడగనందుకు.

"అందరూ ఒప్పుకున్నారా?" అన్నాను.

"ఇదిగో, ఈమె సణిగింది" అని పెద్దామె ఉప్మా తింటున్నామెను చూపించింది. ముప్ఫయ్యేళ్లు కూడా ఉండవు. "కూతురికి జడ వేసే టైం చాలటం లేదంట. నేనే కేకలేశా. నీ పిల్లకి జడ లేకపోతే గడుస్తది, ఆ పిల్లకి సాయంకాలం అమ్మ లేకపోతే ఎట్టాగే అని."

ఉప్మా తింటున్నామె మొహమాటంగా నవ్వింది. మూతి తుడుచుకుంది.

"ఇప్పుడేం ఇబ్బంది లేదులే టీచరమ్మా. సాయంత్రమే జడ వేసి పడుకోబెడతన్నా. తెల్లారేసరికి కొంచెం రేగుద్ది, అంతే."

నేను పిల్లల ముందు ఏడవకూడదని చెట్ల వైపు తిరిగాను. అయినా కనిపించినట్టుంది. "మళ్లీ కంట్లో కారం పడిందా ఏంది?" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏదో చెప్పబోతే పెద్దామె వినలేదు. పిల్లలు చూస్తున్నారు, పాఠం చెప్పుకోపో అంది. ఆకుముడత గురించి ఆ రోజు నేనేం చెప్పానో నాకు గుర్తులేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లాక చపాతీ పిండి కలుపుతూ మా అమ్మాయికి మొత్తం చెప్పాను. ప్లానింగ్ నాది కాదని కూడా చెప్పాను. అప్పజెప్పడం ఆపి అంతా విన్నది.

"అమ్మా, ఆ పాప పేరేంటి?" అంది.

నేను అడగలేదు. మర్నాడు బస్సు దిగి, ఆటో వెనక చెక్క మీద లోపలి వైపు తిరిగి కూర్చుని, ముందుగా అదే అడిగాను.